స్కానింగు యంత్రపు ప్రోబు: పూర్వచరిత్ర, నేటి కర్తవ్యము

బండి సాగుచున్నంత కాలము శీల మాట యెవరికిని పట్టదు. శీల యూడిన నాడు గదా దాని విలువ తెలియుట! నేటి వైద్యశాలలలో గర్భస్థ శిశువును, గుండెను, కాలేయమును కన్నులకు గట్టించు స్కానింగు యంత్రమున కట్టి శీల ప్రోబు. వైద్యుడు చేతబట్టి రోగి యొంటిపై నానించు పనిముట్టు ఇదియే. యంత్రము యొక్క తక్కిన భాగము లెంత గొప్పవైనను, ఇది చెడినచో నవి నిరర్థకములు. కావున దీని పుట్టుపూర్వోత్తరములను విచారించుట యుక్తము.

1880లో పారిసు నగరమున జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ యను సోదరులు స్ఫటికము మున్నగు కొన్ని శిలలను ఒత్తినప్పుడు వానియందు విద్యుత్తు పుట్టుటను కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో శిలయే కదలవలెనని 1881లో లిప్‌మన్ గణితముచే నూహించెను. సోదరులు దానిని ప్రయోగముచే నిరూపించిరి. అనగా నొకే ఱాయి శబ్దమును పలుకగలదు, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని వినగలదు. నేటి ప్రోబునకు మూలసూత్ర మింతియే.

ఈ సూత్రమునకు మొదట పని కల్పించినది యుద్ధము. మొదటి ప్రపంచ సంగ్రామమున జలాంతర్గాములను పసిగట్టుటకై లాంజెవిన్ అను ఫ్రెంచి పండితుడు స్ఫటికపు పలకలను ఉక్కు పలకల నడుమ బిగించి, సముద్రములోనికి శబ్దమును పంపెను. పిమ్మట లోహములలోని పగుళ్లను వెదకుటకు కర్మాగారములవారు ఇట్టి సాధనములనే వాడసాగిరి. 1955లో గ్లాస్గో వైద్యుడు ఇయన్ డొనాల్డ్ శస్త్రచికిత్సలో తీసిన కణుతులను బండిలో వేసికొని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారమునకు పోయెను. పోల్చి చూచుటకు గోమాంసపు ముక్కను గూడ నుంచిరి. ఉక్కును పరీక్షించు సాధనము కణుతుల భేదమును చూపెను. టామ్ బ్రౌన్ అను యువ యంత్రశిల్పి యాతనికి తోడయ్యెను. 1958లో వారును, మాక్‌వికార్ అను వైద్యుడును కలిసి లాన్సెట్ పత్రికలో తమ ఫలితములను ప్రకటించిరి. కర్మాగారపు తలుపు మూసియున్నచో ఈ విద్య వైద్యశాలకు వచ్చుట కెంత కాలము పట్టెడిదో! పనివాని కొట్టునకును వైద్యుని గదికిని నడుమ రాకపోకలు సాగుటయే దీని చరిత్రలోని ముఖ్యాంశమని నా యభిప్రాయము.

కాలక్రమమున స్ఫటికమునకు బదులు కాల్చి చేసిన పింగాణి వంటి పదార్థములు వచ్చినవి. వానిలో సీసము, జిర్కోనియము, టైటానియము కలిసినది 1954 నుండి ప్రసిద్ధికెక్కెను. దీనిని ప్రబల విద్యుత్‌క్షేత్రమున నుంచి సిద్ధపరతురు. మితిమీరిన వేడి తగిలెనా, ఆ సంస్కారము నశించును. నేటి ప్రోబులలో నిట్టి సన్నని ముక్కలు సాధారణముగా 128 గాని యంతకు మించి గాని వరుసగా నుండును. ఒక్కొక్కదానికి వేరు తీగ. పైన రబ్బరు పొర. ఒకసారి చేజారి నేల బడినను, తీగ త్రాటిపై బండిచక్ర మెక్కినను, తగని మందునీటితో తుడిచినను లోపల హాని జరుగును.

మా ప్రాంతపు వైద్యశాల యొకదానిలో ప్రోబు పగిలి, యంత్రము ఎనిమిది నెలలు గుడ్డ కప్పుకొని మూలబడి యుండుటను నేను చూచితిని. మా చెల్లెలి కోడలు నిండుచూలాలు. పరీక్షకై బస్సులో దూరపు పట్టణమునకు పోవలసివచ్చెను. నిలిచిపోయిన యంత్రము ఇంత కష్టము గలిగించును. కాని సగము చచ్చిన ప్రోబు ఇంతకంటె ప్రమాదకరము. 128 ముక్కలలో కొన్ని మూగవోయినను బొమ్మ వచ్చుచునే యుండును. ఆ బొమ్మ కల్లలాడును. స్వీడను దేశమున 32 వైద్యశాలలలో 676 ప్రోబులను పరీక్షించి 2009లో ఫలితములను ప్రకటించిరి. నూటికి దాదాపు 40 లోపము గలవే! ధనిక దేశముననే ఇట్లుండగా మన మాట వేరుగ చెప్పనేల?

దీనిని కొంతవరకు కనిపెట్టుటకు కాసు ఖర్చులేని యుపాయము కలదు. జెల్లు పూయక, ప్రోబును గాలిలో పట్టి తెరను చూడవలెను. చారలు ఎల్లెడల సమముగా నున్న మేలు; పైనుండి క్రిందికి నల్లని గీత దిగినచో అచ్చటి ముక్కలు పనిచేయుట లేదని శంకింపవలెను. నెలకొకసారి యీ పరీక్ష చేసి పుస్తకమున వ్రాసియుంచుట కే వైద్యశాలకు శక్తి చాలదు?

ఇక మరమ్మతు మాట. పేద దేశములలోని వైద్యయంత్రములలో నూటికి దాదాపు 40 పనిచేయక పడియున్నవని 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెలిపెను. విడిభాగములు దొరకకుండుటయు, నేర్పరులు లేకుండుటయు అందులకు ముఖ్య కారణములలోనివి. కొన్ని యంత్రములకు తయారీదారులు రహస్య సంకేతములతో తాళములు వేయుదురు. అమెరికాలో వైద్యయంత్రముల మరమ్మతుకై యట్టి తాళమును తీయుట తప్పుగాదని 2021లో మినహాయింపు నొసగిరి. తయారీదారుల వాదమును త్రోసిపుచ్చరాదు: చెడుగా అతికిన ప్రోబునుండి రోగికి విద్యుత్తు సోకవచ్చును. అందులకు మందు మరమ్మతును పరీక్షించుటయే గాని నిషేధించుట గాదు.

మన దేశమున మరియొక చిక్కు కలదు. ఆరేండ్ల లోపు పిల్లలలో వేయిమంది మగవారికి ఆడుపిల్లలు 1991లో 945 మంది. 2001 నాటికి 927. శిశువును కాపాడుటకు వచ్చిన యంత్రమే ఆడుశిశువునకు మృత్యువయ్యెను. ఈ దుర్మార్గమును మాన్పుటకే 1994 నాటి చట్టము పుట్టినది. 2003 సవరణ పిమ్మట, నమోదుగాని చోటులకు యంత్రము నమ్ముట నేరము. మూలబడిన యంత్రమునకు దొంగచాటుగా ప్రోబు దొరికినచో ఆ పాపమునకు మరల ప్రాణము వచ్చును. కావున మరమ్మతునకు స్వేచ్ఛయు, విడిభాగముల క్రయవిక్రయములకు లెక్కయు రెండును కావలయును. ఒకటి రెండవదానికి విరోధి గాదు.

యంత్రమును కొనునాడే విడి ప్రోబు ధరను, మరమ్మతు గ్రంథమును అడుగుడు. పాలిటెక్నికు పిల్లలకు ఈ విద్య నేర్పుడు. రెన్‌ఫ్రూ కర్మాగారపు తలుపు ఒకనాడు వైద్యునికై తెరచుకొనెను. నేడు వైద్యశాల తలుపు మన పనివారికై తెరచుకొనవలసియున్నది.