ఉప్పుగాలిలో పంపు తుపాకీ: తుప్పుతో నడిచిన పోరు కథ



సైన్యంలో పనిచేసి వచ్చి, ఇప్పుడు బ్యాంకుల దగ్గర, నగదు తీసుకెళ్లే బండ్ల మీద గన్‌మన్‌లుగా ఉన్న అన్నదమ్ములు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వారిలో సగం మందికి పైగా కాపురాలు సముద్రం ఒడ్డునే. లైసెన్సు, తుపాకీ సొంతవి కావడం వల్లే వారికి ఆ ఉద్యోగం దొరుకుతుంది. తుపాకీ పాడైతే జీతం ఆగుతుంది. అందుకే ఐప్పసి, కార్తిక వానలు వచ్చేసరికి ఒకే మాట వినబడుతుంది: "పాత రెండు గొట్టాల తుపాకీ లోపల తుప్పు పట్టేసింది, పంప్ యాక్షన్ తీసుకుందాం అనుకుంటున్నాం. తడికి ఆగేది ఏది?" దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు గానీ, ఆ జవాబు ఎందుకు అలా ఉందో తెలియకపోతే కొన్న కొత్త తుపాకీ కూడా రెండు వానాకాలాలకే పాతదైపోతుంది. కాబట్టి కొంచెం చరిత్రలోకి వెళదాం.

ముందు మన ఇంటి దగ్గరి ఉదాహరణ. తంజావూరు తూర్పు కోట వాకిలి దగ్గర బీరంగి మేడు మీద పెద్ద ఇనుప ఫిరంగి ఒకటి ఉంది. (అరవంలో బీరంగి అన్నా మన తెలుగులో ఫిరంగి అన్నా ఒకటే, మేడు అంటే మన దిబ్బ.) తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథ నాయకుని కాలం నాటిది. పొడవు సుమారు 25 అడుగులు, బరువు 20 టన్నుల పైమాటే. పోతపోసింది కాదు. పొడవాటి ఇనుప పట్టీలను గొట్టంలా పేర్చి, మీద కాల్చిన కడియాలు బిగించి, సమ్మెటలతో అతికించారు. నాలుగు వందల ఏళ్లుగా ఎండకూ వానకూ అక్కడే ఉంది. మనవాళ్లు చూసి "ఆ కాలం ఇనుము, తుప్పే పట్టదు" అంటుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. బొగ్గుతో కరిగించిన పాత ఇనుములో భాస్వరం ఎక్కువ. ఢిల్లీ ఇనుప స్తంభం మీద రక్షణ పొర ఏర్పడడానికి ఆ భాస్వరమే కారణమని కాన్పూరు ఐఐటీ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధించి చెప్పారు. కానీ ఫిరంగి మందం వేరు, చేతి తుపాకీ మందం వేరు. ఫిరంగి గొట్టం పైన ఒక మిల్లీమీటరు తుప్పు తిన్నా దానికి ఏమీ కాదు. 12 బోర్ తుపాకీ మూతి దగ్గర గొట్టం గోడ మందమే ఇంచుమించు ఒక మిల్లీమీటరు. పాత గొప్ప చెప్పుకుని ఊరుకుంటే మన గన్‌మన్ తమ్ముడికి ఉపయోగం లేదు.

పంప్ యాక్షన్ పుట్టిల్లు అమెరికా. ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే ఖాళీ తోటా బయటపడి కొత్తది ఎక్కే పద్ధతిలో క్రిస్టఫర్ స్పెన్సర్ 1882లో ఒక షాట్‌గన్ చేశాడు. తర్వాత జాన్ బ్రౌనింగ్ రూపకల్పన మీద వించెస్టర్ కంపెనీ 1893 మోడల్, దాన్ని గట్టిపరిచి 1897 మోడల్ తెచ్చింది. ఈ 1897 మోడల్ 1957 దాకా తయారైంది, పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అప్పట్లో కొన్నవాళ్లు ఎక్కువగా బాతుల వేటగాళ్లు. అంటే తొలి నుంచే ఈ తుపాకీ బతుకు నీళ్ల ఒడ్డునే.

దాని అసలు పరీక్ష మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో జరిగింది. అమెరికా సైన్యం గొట్టాన్ని 20 అంగుళాలకు తగ్గించి, చేయి కాలకుండా చిల్లుల రేకు తొడిగి, బయొనెట్ తగిలించి పంపింది. జర్మనీ ప్రభుత్వం 1918 సెప్టెంబరులో ఈ తుపాకీ యుద్ధ నియమాలకు విరుద్ధమని, దానితో పట్టుబడ్డ సైనికులకు మరణశిక్ష వేస్తామని నిరసన తెలిపింది. అమెరికా ఒప్పుకోలేదు. ఈ గొడవ గురించి అందరూ రాస్తారు. మాకు ముఖ్యమైంది ఇంకొకటి. ఆ రోజుల్లో షాట్‌గన్ తోటా ఒళ్లంతా అట్ట కాగితం. కందకంలో మోకాలి లోతు నీళ్లు. తోటా తడిసి ఉబ్బితే గదిలోకి పోదు, బలవంతంగా తోస్తే బయటికి రాదు. తుపాకీకి తుప్పు పట్టలేదు, అయినా అది పనికిరాకుండా పోయింది. చివరికి ఒళ్లంతా ఇత్తడితో తోటాలు చేయించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల అడవుల్లోనూ ఇదే కథ మళ్లీ నడిచింది. అక్కడా కాగితం తోటాలే ముందు పంపారు, ఇత్తడివి యుద్ధం ముగింపు దశలో గానీ చేరలేదు. ఒకసారి నేర్చుకున్న పాఠాన్ని పాతికేళ్లలో మరిచిపోవడం సైన్యాలకు కూడా మామూలే అన్నమాట. 1960లో రెమింగ్టన్ ప్లాస్టిక్ తోటా తెచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది.

చాలావరకు అని ఎందుకు అంటున్నామంటే, ప్లాస్టిక్ తోటాకూ అడుగున లోహపు టోపీ ఉంటుంది. చవక రకాల్లో అది అసలు ఇత్తడి కాదు, ఇనుప రేకు మీద పలచగా ఇత్తడి పూత. వానాకాలం నెలరోజులు బెల్టులో ఉంచితే అది మచ్చలు తేలి, పేలాక గది గోడకు కరుచుకుంటుంది. బెల్టులోని తోటాలను నెలకోసారైనా బయటికి తీసి తుడిచి చూడండి, మచ్చ తేలినవి పక్కన పెట్టండి.

ఇప్పుడు గొట్టం లోపలికి వద్దాం. అసలు కథ అక్కడే ఉంది. పొగలేని మందు వచ్చిన తర్వాత సైనికులకు ఒక వింత ఎదురైంది. సాయంత్రం కాల్చి, నూనె పట్టించి శుభ్రంగా పెట్టిన తుపాకీ లోపల రెండు మూడు రోజులకు ఎర్రగా తుప్పు. కొత్త మందులో ఆమ్లం ఉందని అందరూ దాన్నే తిట్టారు. ఎన్ని రకాల నూనెలు వాడినా లాభం లేదు. 1922లో అమెరికా గనుల బ్యూరో పరిశోధకుడు విల్బర్ట్ హఫ్ అసలు దొంగను పట్టుకున్నాడు. తప్పు మందుది కాదు, దాన్ని అంటించే క్యాపుది. క్యాపులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడు అవుతుంది, అంటే ఒక రకం ఉప్పు. మన వంటింటి ఉప్పుకు చెల్లెలు లాంటిది. గొట్టం నిండా సన్నగా ఉప్పు పరుచుకుంటే, గాలిలో తేమ పెరగగానే అది నీళ్లు పీల్చి ఇనుమును తినడం మొదలుపెడుతుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి తుప్పు పట్టకూడదంటే ముందు గొట్టాన్ని వేడినీళ్లతో కడగాలి, తర్వాత ఆరబెట్టి నూనె పట్టించాలి! నీళ్లు తగలకూడదని జాగ్రత్తపడ్డవాడి తుపాకీయే ముందు పాడైంది. తర్వాత ఆ దశకం ముగిసేలోగా ఉప్పు మిగల్చని క్యాపులు అంగట్లోకి వచ్చాయి.

మన కోస్తా వాళ్లకు ఇది పాత సంగతి కాదు. క్యాపులో ఉప్పు పోయినా గాలిలో ఉప్పు ఉంది. సముద్రపు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీరు కారడం మొదలుపెడుతుంది. చిన్నప్పుడు ఇంట్లో ఉప్పుజాడీ కార్తిక మాసంలో చెమ్మగిల్లడం అందరం చూసిందే. తుపాకీ మీద కంటికి కనబడని ఉప్పు పొర కూడా అదే పని చేస్తుంది. దాని మీదే నూనె రాస్తే ఉప్పును లోపల పెట్టి మూత వేసినట్టే. ముందు మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడవాలి, బాగా ఆరాలి, ఆ తర్వాతే నూనె.

ఇక పూతల సంగతి. నల్లగా నిగనిగలాడే బ్లూయింగ్ నిజానికి అదుపులో పెట్టిన ఒక రకం తుప్పే. ఇనుము మీద పలచటి నల్ల ఆక్సైడు పొర. చూపుకు బాగుంటుంది, ఉప్పుగాలికి ఆగదు. 1906లో ఇంగ్లండులో థామస్ కోస్లెట్ ఫాస్ఫేట్ పూతకు పేటెంటు తీసుకున్నాడు. డెట్రాయిటులో పార్కర్ కంపెనీ దాన్ని మెరుగుపరిచింది, అందుకే ఆ బూడిదరంగు గరుకు పూతకు పార్కరైజింగ్ అని పేరు. సైన్యాలు దాన్నే ఎంచుకున్నాయి. దాని బలం పూతలో లేదు, దానిలోని సన్నటి రంధ్రాలు నూనెను పట్టి ఉంచడంలో ఉంది. నూనె రాయడం మానేస్తే ఆ రంధ్రాలు నీళ్లను పట్టి ఉంచుతాయి.

మధ్యలో షెఫీల్డు ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేం. 1912లో హ్యారీ బ్రియర్లీ అనే ఉక్కు నిపుణుడికి రైఫిల్ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కనిపెట్టమని పని అప్పగించారు. అతను 1913 ఆగస్టులో సుమారు 12.8 శాతం క్రోమియంతో ఒక ఉక్కు పోశాడు. పరీక్ష కోసం ఆమ్లం పోస్తే దానికి అంటలేదు. తుపాకీ కోసం పుట్టిన ఆ స్టెయిన్‌లెస్ స్టీలు ముందు వెళ్లింది బల్లమీద కత్తుల్లోకి, తర్వాత మన వంటింటి గిన్నెల్లోకి. నేటికీ సముద్రపు పనికని అమ్మే పంప్ తుపాకుల్లో చాలావరకు స్టెయిన్‌లెస్ కావు, మామూలు ఉక్కు మీద పూత వేసినవే.

ఆ పూత కథ 1946లో మొదలైంది. వాషింగ్టన్‌లో అమెరికా జాతీయ ప్రమాణాల బ్యూరోలో ఆబ్నర్ బ్రెనర్, గ్రేస్ రిడెల్ ట్యూబు లోపలి గోడకు విద్యుత్తుతో నికెల్ పూత వేయబోయి, కలిపిన రసాయనం వల్ల విద్యుత్తు చేరని బయటి వైపు కూడా పూత పడడం గమనించారు. విద్యుత్తు లేకుండానే నికెల్ తనంత తాను సమానంగా పరుచుకుంటుంది, మూల అయినా, గొట్టం లోపల అయినా. ఆ పూతలోనూ భాస్వరం కలిసి ఉంటుంది, ఎక్కువ ఉంటే తుప్పుకు ఇంకా బాగా ఆగుతుంది. రెమింగ్టన్ 870 మెరైన్ మాగ్నమ్‌కు లోపలా బయటా వేసింది ఇలాంటి నికెల్ పూతే. మోస్‌బర్గ్ మారినర్‌కు మెరైన్‌కోట్ అనే సొంత పూత ఉంది, దాని పెట్టె భాగం అల్యూమినియంది. పడవల వాళ్లు, అలాస్కాలో ఎలుగుల భయంతో తిరిగేవాళ్లు ఇవి ఎక్కువగా కొంటారు. వియత్నాం మెకాంగ్ డెల్టాలో అమెరికా నౌకాదళ కమాండోలు ఇష్టపడ్డ ఇథాకా 37కు ఇంకో తెలివి ఉంది. తోటా ఎక్కడం, ఖాళీది పడడం రెండూ కిందినుంచే. పక్కన తెరిచిన నోరు లేదు కాబట్టి వాన, బురద లోపలికి తక్కువ వెళతాయి. పూత కంటే నిర్మాణం ముఖ్యం అనడానికి మాకు నచ్చిన ఉదాహరణ అది.

నికెల్‌కు ఒక లోపం ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. జింకు పూత తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. నికెల్ అలా కాదు. ఒక్కచోట గీత పడి ఇనుము బయటపడితే, నికెల్ పక్కన ఉండడం వల్ల ఆ చుక్క ఇంకా తొందరగా గుంట పడుతుంది. మెరుస్తున్న తుపాకీలో చీమ కన్నంత గోధుమరంగు చుక్క కనబడితే తేలిగ్గా తీసుకోకండి. అలాగే గొట్టానికి పూత వేసి మ్యాగజైను స్ప్రింగు, ఎక్స్‌ట్రాక్టరు, స్క్రూలు మామూలు ఉక్కువే వదిలేసినవి ఉంటాయి. కొనేముందు మ్యాగజైను మూత విప్పించి స్ప్రింగు చూడండి.

అయితే ఈ విదేశీ పేర్లన్నీ మన చేతికి అందేవి కావు. 1980ల మధ్య నుంచి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. మనకు దొరికేది ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లోనూ లైసెన్సు పొందిన ఇతర తయారీదార్ల దగ్గరా చేసిన 12 బోర్ పంప్ యాక్షన్. ఎక్కువగా నల్ల పూతవే. దాంట్లో మేము చూడమనేది మూడే: గొట్టం లోపల వెలుతురు పెట్టి చూస్తే అద్దంలా ఉండాలి, తోటా గది గోడ గరుకుగా ఉండకూడదు, కట్టె పిడి కంటే ప్లాస్టిక్ పిడి మేలు. కట్టె తడిని పీల్చి అది ఆనుకున్న ఇనుమును లోలోపల తినిపిస్తుంది. నికెల్ వేయిస్తామని తుపాకీని ఊళ్లో పూతలు వేసే కొట్టుకు ఇవ్వకండి. 1959 ఆయుధ చట్టం ప్రకారం మరమ్మతు కూడా లైసెన్సు ఉన్న దుకాణంలోనే చేయించాలి. గొట్టం కోయించడం గురించి ఆలోచించనే వద్దు. తోలు సంచిలో, గుడ్డ సంచిలో ఉంచి బీరువాలో పెడితే అదే తడిగుడ్డ చుట్టినట్టు.

ఎన్నికల ముందు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించమంటారు, అవి వారాల తరబడి అక్కడే ఉంటాయి. వెళ్లే ముందు రోజు పైన చెప్పినట్టు తుడిచి, ఆరబెట్టి, గొట్టం లోపల గ్రీజు పలచగా పట్టించి, సంచి లేకుండా నూనె కాగితంలో చుట్టి ఇవ్వండి. రసీదులో తుపాకీ నంబరుతో పాటు దాని స్థితి కూడా రాయమని మర్యాదగా అడగండి. తిరిగి తెచ్చుకున్న రోజు కాల్చేముందు ఆ గ్రీజు పూర్తిగా తీసేయడం మరవొద్దు.