బాపట్ల విద్యార్థులును వారి సంఘములును



కళాశాలలు తెరచు దినములలో మా యింటి వరండామీదికి తలిదండ్రులు వచ్చి అడుగు ప్రశ్న యొకటి గలదు. "అయ్యగారూ, మావాడు కాలేజీలో ఏదో సంఘానికి చందా కట్టాలంటున్నాడు. అది చదువుకు పనికొచ్చేదేనా, తిరుగుళ్ళకా?" తెనాలిలో నున్నప్పుడును రేపల్లెలో నున్నప్పుడును ఈ ప్రశ్న నేను వింటిని. ఒకప్పుడు దీనికి నేను చెప్పిన జవాబు తప్పు జవాబు. ఆ సంగతి పిమ్మట చెప్పెదను. మొదట ఈ సంఘములు మన ప్రాంతమునకు ఎట్లు వచ్చినవో మీకు తెలుపవలెనని యున్నది.

విద్యార్థి సంఘమనగానే ఎన్నికలు, జెండాలు, గోడమీది వ్రాతలు మనకు జ్ఞాపకము వచ్చును. నేను చెప్పునవి అవి కావు. ఒక వృత్తి నేర్చుకొనువారు, ఆ వృత్తిలో ముందు నడిచిన పెద్దలతో కలిసి కూర్చుండి, తాము చూచినదానిని వ్రాసి చదివి, ఇతరులచేత తప్పులు దిద్దించుకొనుటకై ఏర్పరచుకొన్న సంఘములు ఇవి. మన ప్రాంతమున ఇట్టివానికి మంచి దృష్టాంతము బాపట్ల వ్యవసాయ కళాశాల.

ఆ కళాశాల 1945లో ఆరంభమాయెను. అంతకుముందు గుంటూరు జిల్లా కుఱ్ఱవాడు వ్యవసాయ శాస్త్రమున పట్టము పొందగోరినయెడల రైలెక్కి మద్రాసు మీదుగా కోయంబత్తూరు పోవలసినదే. కృష్ణకు బెజవాడయొద్ద ఆనకట్ట కట్టి ముగించినది 1855లో. తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాలు కాలువ నీటిమీద వరి పండించుచు తొంబది ఏండ్లు గడిచిన తరువాత గాని వ్యవసాయ కళాశాల తెలుగు జిల్లాలకు రాలేదు. పంట ముందు, చదువు చాల వెనుక. హైదరాబాదులోని కళాశాలయు మరుసటి సంవత్సరము, అనగా 1946లో వచ్చినదే.

కోయంబత్తూరు కళాశాలకును ఒక పూర్వకథ గలదు. మద్రాసు దగ్గర సైదాపేటలో 1876లో వ్యవసాయ పాఠశాల యొకటి పెట్టిరి. అది 1906లో కోయంబత్తూరునకు తరలిపోయెను. అక్కడ 1911లో మద్రాసు వ్యవసాయ విద్యార్థుల సంఘమను పేరుతో ఒక సంఘము ఏర్పడెను. పేరు విద్యార్థులదే గాని చదువు ముగించి జిల్లాలకు ఉద్యోగులుగా వెళ్ళినవారును సభ్యులుగానే యుండిరి. ఏటేట కళాశాల దినోత్సవమునకు ఆ పాతవారు తిరిగి వచ్చి తాము పనిచేయు ఊళ్ళలోని నేలలు, పురుగులు, విత్తనములను గూర్చి వ్యాసములు చదువుచుండిరి. కుఱ్ఱవాండ్రు వినుచుండిరి, అడుగుచుండిరి. సంఘము ఒక పత్రికను నడిపెను. సభ్యులు చేసిన పరిశోధనలలో మంచిదానికి బహుమానము ఇచ్చుచుండెను. ఆ బహుమానము పేరులో రామశాస్త్రులు అని, మునగాల అని మన తెలుగు పేర్లు కనబడుట నాకు సంతోషము కలిగించును.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడెను. రాష్ట్రము వేరైనప్పుడు ఫైళ్ళు, ఉద్యోగులు, బాకీలు పంచుకొనుట అందరికి తెలిసినదే. సంఘములు కూడ వేరుపడునని మనము తలంపము. మరుసటి సంవత్సరమే, 1954లో, బాపట్లనుండి ఆంధ్ర వ్యవసాయ సంఘము పేరుమీద ఆంధ్ర అగ్రికల్చరల్ జర్నల్ వెలువడెను. సొంత రాష్ట్రము వచ్చిన వెంటనే సొంత పత్రిక కావలెనని వారికి తోచినది చూడుడి. కట్టడములకంటె ముందు గాకపోయినను, వానితోపాటే ఒకరి పనిని ఒకరు చదువుటకు చోటు కావలెనని వారు గ్రహించిరి. కళాశాల మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయము క్రింద నుండి, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడగా దానిలో చేరెను. ఆ విశ్వవిద్యాలయమునకు 1996లో ఆచార్య ఎన్. జి. రంగాగారి పేరు పెట్టిరి.

రంగాగారు 1900లో నిడుబ్రోలులో పుట్టినవారు. నిడుబ్రోలు తెనాలికిని బాపట్లకును నడుమ రైలుదారిమీది ఊరే. వారు ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, ఆచార్యులుగా పనిచేసి, 1930ల దశకములో తమ ఊరిలోనే రైతు విద్యాలయమును స్థాపించిరి. పొలమునుండి వచ్చిన యువకులకు అర్థశాస్త్రము, రాజకీయములు బోధించుట దాని పని. వారి రాజకీయముతో మీరు ఏకీభవించినను లేకున్నను, ఒకటి ఒప్పుకొనవలెను. రైతుబిడ్డకు విషయజ్ఞానమొక్కటే చాలదనియు, పదిమంది యెదుట నిలువబడి దానిని చెప్పగలుగుట కూడ నేర్పవలెననియు వారు ఎరుగుదురు.

ఈ విద్య మన ఊళ్ళకు బొత్తిగా క్రొత్తది కాదు. తెనాలిలో రామవిలాస సభ యను నాటక సమాజముండెడిది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారు ఆ సభలో చేరి సత్యభామ వేషముతో ఆంధ్రదేశమంతట పేరు పొందిరి. సమాజమున చేరుట, పెద్దవాని ప్రక్కన నిలిచి నేర్చుకొనుట, తప్పు చేసినప్పుడు అందరిలో చీవాట్లు తినుట మన తాతలకు తెలిసినవే. నాటకములనగా మా పెద్దలు కొందరు ముఖము చిట్లించెడివారు గాని ఆ సంగతి మరియొకప్పుడు.

బాపట్ల పేరు నేడు ప్రతి వంటయింటిలో నున్నది. సాంబ మసూరి బియ్యమునకు అసలు గుర్తు బి.పి.టి. 5204. ఆ మూడక్షరములు బాపట్లవే. 1986లో విడుదలయిన ఆ వరికి పూర్వికులలో ఒకటి జి.ఇ.బి. 24. అది 1921లో కోయంబత్తూరులో వెలువడినది. సంఘము పెట్టుటవలన వడ్లు పుట్టినవని నేను చెప్పను. వడ్లు పుట్టించినది అరువది ఏండ్ల పొలముపని. అయితే ఒకచోటివాడు కనుగొన్నదానిని ఇంకొకచోటివాడు అరువది ఏండ్ల తరువాత వాడుకొనవలెనన్నయెడల ఎవడో దానిని వ్రాసి దాచియుండవలెను గదా.

ఇంజనీరింగు చదువులో ఇదే కథ వేరొక రూపమున వచ్చెను. ఇంజనీర్ల సంస్థ 1920లోను, కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా 1965లోను ఏర్పడినవి. బాపట్లలో ఇంజనీరింగు కళాశాల 1981లో వచ్చెను. ఇట్టి సంస్థలు కళాశాలలలో విద్యార్థి శాఖలు పెట్టుట ఇప్పుడు వాడుక. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకము వృత్తిసంఘము కాదు గనుక దానిని ఇక్కడ విడిచెదను.

ఈ సంఘములలో లోపము లేదా? ఉన్నది. వ్యాసములు ఇంగ్లీషులో నుండును, చర్చయు ఇంగ్లీషులోనే. బాపట్ల పత్రికలో ఉప్పునేలను గూర్చి వ్యాసము వచ్చినను, ఆ ఉప్పునేలలో కాళ్ళు పెట్టి నిలుచున్న నిజాంపట్నము రైతు దానిని చదువలేడు. 1969లో అన్నదాత వంటి తెలుగు పత్రిక వచ్చినప్పుడు రైతులు దానిని ఎట్లు చదివిరో చూచినవారికి ఈ లోటు తెలియును. పల్లెలనుండి, పాలెములనుండి వచ్చిన పిల్లలు ఆ సభలలో వెనుక బల్లమీద కూర్చుండుటకు కారణమును ఇదే. చందా రూపాయలు, దానికి తోడు కోటు, బూట్లు. పేరునకు అందరికి తెరచిన తలుపే.

ఇక నా తప్పు సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట రేపల్లె దిగువన ఒక పల్లెలో మా సంఘస్థుడైన కౌలురైతు కుమారునికి కళాశాలలో సీటు వచ్చెను. ఆ కుటుంబములో కళాశాల మెట్లెక్కినవాడు అతడే మొదటివాడు. మొదటి సంవత్సరమే వచ్చి ఆ చందా ప్రశ్న నన్ను అడిగెను. నేను క్షణమైనను ఆలోచింపక, "అవి పెద్దవాళ్ళ పిల్లలకు నాయనా, నువ్వు పుస్తకం చూసుకో" అంటిని. అతడు నా మాట విని నాలుగేండ్లు పుస్తకము చూచుకొనెను. మంచి మార్కులు వచ్చినవి. ఉద్యోగమునకు పిలిచిన మూడుచోట్ల నోరు పెగలక తిరిగి వచ్చెను. అతడు నన్ను నిందింపలేదు. "నలుగురిలో నిలబడి మాట్లాడ్డం ఎక్కడ నేర్పుతారో నాకు తెలియలేదు అయ్యగారూ" అని మాత్రము అనెను. ఎక్కడ నేర్పుదురో అతడు అడిగియే యుండెను. వద్దన్నవాడను నేను. అతడు ఇప్పుడు ఎరువుల దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు.

అతని చెల్లెలు ఇప్పుడు వ్యవసాయ శాస్త్రము చదువుచున్నది. చందా సంగతి ఆమె నన్ను అడుగనే లేదు. అన్నయే కట్టెను. క్రిందటి దసరా సెలవులలో తాను సంఘములో చదువబోవు వ్యాసమును మా వరండామీద మాకు వినిపించెను. మొదట ఇంగ్లీషులో, తరువాత తండ్రి కోరగా తెలుగులో చెప్పెను. సముద్రతీరపు ఉప్పునేలలను బాగుచేయుటను గూర్చిన వ్యాసమది. జిప్సం వేయవలెనని ఆమె చెప్పుచుండగా తండ్రి చేయి యెత్తెను.

"మనది చౌడు కాదమ్మా, ఉప్పు. మంచినీళ్ళు పెట్టి కడగాలి. కడిగిన నీళ్ళు పోవడానికి దారుండాలి. ఎండాకాలం పోటుకి మురుక్కాలవలో సముద్రం ఎదురెక్కి వస్తది, అది రాయలేదేం?"

ఆమె నావైపు చూచెను. నేను ఏమియు అనలేదు. కలము తీసికొని, "ఏ నెల నుంచి నాన్నా?" అని తండ్రిని అడిగి, కాగితము ప్రక్కన వ్రాసికొనుట మొదలుపెట్టెను.