ఉగాండా విమోచన (1979): పొరుగు సైన్యము, సంఘ సాక్ష్యము

నిరంకుశుని క్రింద నలుగుచున్న ప్రజలను విడిపించుటకు పొరుగు రాజ్యము సైన్యముతో ప్రవేశించవచ్చునా? ఈ ప్రశ్నను ఉగాండా చరిత్ర వెలుగులో పరిశీలిద్దాము.

1971లో సైనిక కుట్రతో అధికారము చేపట్టిన ఈదీ అమీన్, 1972లో భారత సంతతివారితో సహా ఆసియా ప్రజలను దేశమునుండి వెళ్ళగొట్టాడు. 1977 ఫిబ్రవరిలో ఆంగ్లికన్ బిషప్పులు ప్రభుత్వ దౌర్జన్యాలను ఖండిస్తూ అతనికి లేఖ వ్రాశారు. కొద్ది దినములకే ఆర్చిబిషప్ జనానీ లువుమ్ హతసాక్షి అయ్యాడు. ప్రభుత్వము అది కారు ప్రమాదమని ప్రకటించింది.

పరుల ఆంతరంగిక వ్యవహారాలలో జోక్యము తగదన్నది ఆఫ్రికా ఐక్యతా సంస్థ సూత్రము. 1975లో ఆ సంస్థ అధ్యక్ష పీఠము అమీన్‌కే దక్కింది! లువుమ్ రక్తము కొరకు ఏ సైన్యమూ కదలలేదు. 1978 అక్టోబరులో అమీన్ సేనలు టాంజానియాలోని కగేరా ప్రాంతములో చొరబడిన తరువాతనే నైరేరే సైన్యము కదిలింది. ఉగాండా ప్రవాసులతో కలిసి 1979 ఏప్రిల్ 11న కంపాలాను పట్టుకొన్నది.

ఆ చర్యను మేము తప్పుపట్టము. అనేకులు ప్రాణాలతో మిగిలారు. అయితే 1980 డిసెంబరు ఎన్నికలతో ఒబోటే మరల గద్దెనెక్కగా అంతర్యుద్ధము చెలరేగింది. లువేరో ప్రాంతములో వేలాది సామాన్యులు హతులయ్యారు.

యెషయా 10వ అధ్యాయములో అష్షూరు దేవుని చేతి దండమే. అయినను తన గర్వమును బట్టి తీర్పు పొందింది. కాబట్టి విడిపించిన సైన్యమును సంఘము కృతజ్ఞతతో తలంచవచ్చును గాని పూజింపరాదు. సైన్యము నిరంకుశుని తొలగించగలదు, నీతిని నాటలేదు. సైన్యము రాకమునుపు లువుమ్ పలికిన సత్యమును, అది వెళ్ళిన తరువాత కూడ పలుకుటయే సంఘము పని.