తొట్టికి తొడుగు

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ 281 డాలర్లకు ఒక బండిని అమ్మకానికి పెట్టింది. దాని పేరు చాంతాడంత: మోడల్ టీ రన్‌అబౌట్ విత్ పికప్ బాడీ. ముందు భాగం ఇద్దరు కూర్చునే మామూలు కారే. వెనక మాత్రం అయిదడుగులకు కాస్త తక్కువ పొడవున్న తొట్టి, ఎత్తి దించుకునే తలుపు, బరువుకు తట్టుకునేలా గట్టి కమాన్‌పట్టీలు. తొట్టి అంచుల్లో నాలుగు గూళ్ళు వదిలారు. వాటిలో గుంజలు దింపి పలకలు కట్టుకుంటే తొట్టి ఎత్తు పెరుగుతుంది, గడ్డి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. పికప్ తొట్టికి మొదటి అదనపు సామగ్రి ఆ గుంజలే అనుకోవచ్చు. వందేళ్ళు దాటినా చాలా అమెరికన్ పికప్పుల్లో ఆ గూళ్ళు ఇంకా ఉన్నాయి. నిచ్చెనలు మోసే చట్రాలూ, తాళ్ళు కట్టే కొక్కేలూ వాటిలోనే బిగిస్తారు.

అంతకుముందు ఇలాంటి బండ్లు లేక కాదు. 1917లోనే ఫోర్డ్ మోడల్ టీటీ అనే టన్ను బండి చట్రాన్ని 600 డాలర్లకు అమ్మింది. ఒట్టి చట్రం తెచ్చుకుని, ఊళ్ళో వడ్రంగి చేతో కమ్మరి చేతో తొట్టి కట్టించుకోవడం కొన్నవాడి పని. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1925లో మారిందల్లా ఒకటే. తొట్టి కూడా ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. ఆ ఏడాదే దాదాపు 34 వేల బండ్లు తయారయ్యాయి.

తర్వాతి దశాబ్దాల్లో చాలా పికప్పుల తొట్టికి అడుగున చెక్క పలకలే ఉండేవి. పలకకూ పలకకూ మధ్య ఇనుప పట్టీ, దాని మీదుగా పెట్టెలు సులువుగా జారేవి. చెక్క అంటే చవకరకం అనిపిస్తుంది కానీ, నిజానికి ఆ అడుగుకు వేరే రక్షణ అక్కర్లేకపోయింది. గునపం పడి పలక చీలితే ఆ ఒక్క పలకా ఊడదీసి ఇంకోటి వేసుకుంటారు. చెక్క మీద గీతలు పడితే ఎవరూ బాధపడరు. షెవ్రొలే 1960ల తర్వాత కూడా చెక్క అడుగులు ఇస్తూ వచ్చింది. ఇప్పుడు వేలకు వేలు పోసి కొంటున్న తొడుగులూ పూతలూ చాలావరకు ఆ పలకలు పోవడంతో వచ్చిన అవసరాలే.

పలకలు పోవడం వెనక అందం గోల కూడా ఉంది. 1955లో షెవ్రొలే కేమియో క్యారియర్ అనే బండి తెచ్చింది. దాని తొట్టి పక్కలకు ఫైబర్‌గ్లాస్ రేకులు తొడిగి, క్యాబిన్‌తో సమానంగా నున్నగా చేసింది. అప్పటిదాకా చక్రాల మడ్‌గార్డులు తొట్టికి బయట ఉబ్బెత్తుగా ఉండేవి. రెండేళ్ళు తిరక్కుండానే ఫోర్డ్ ఇనుప రేకులతోనే అదే సొగసు తెచ్చింది. ఇక అంతా అటే. ఆదివారం చర్చికి కూడా వెళ్ళగల బండి కావాలన్నారు జనం. రంగులేసిన నున్నటి రేకు మీద గీత పడితే మనసు కలుక్కుమంటుంది, దాంతోపాటు తుప్పుకూ దారి దొరుకుతుంది.

ఈ కథలో పన్నుల పాత్ర అన్నిటికన్నా విడ్డూరం. అమెరికా కోళ్ళ మీద పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ తదితర దేశాలు సుంకం పెంచాయి. అందుకు బదులుగా 1964 నుంచి అమెరికా బయటి దేశాల తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ళ గొడవ ఎప్పుడో సద్దుమణిగింది, సుంకం మాత్రం పోలేదు. దాన్ని తప్పించుకోడానికి జపాన్ కంపెనీలు తొట్టినే ఆయుధం చేసుకున్నాయి. ఇసుజు తయారుచేసిన చిన్న పికప్ 1972 నుంచి షెవ్రొలే లవ్ పేరుతో అమెరికాకు వెళ్ళింది. అయితే తొట్టి లేకుండా, క్యాబిన్, చట్రం మాత్రమే ఓడ దిగేవి. తొట్టి లేనిది ట్రక్కు కాదు కాబట్టి సుంకం 4 శాతమే! తొట్టి అక్కడ బిగించేవారు. 1980లో ఈ దారి మూసేశారు. సుబారు ఇంకో ఎత్తు వేసింది. 1978లో అమెరికాకు పంపిన బ్రాట్ అనే బండి తొట్టిలో వెనక్కి తిరిగి ఉండే రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించింది. మనుషులు కూర్చుంటారు గనుక ఇది ప్రయాణికుల వాహనం, ట్రక్కు కాదు అంది. తొట్టి సామగ్రి చరిత్రలో ఇంత విలువైన కుర్చీలు ఇంకెక్కడా ఉండవు. అలాంటి బండిని అమెరికా అధ్యక్షుడిగా చేసిన రోనాల్డ్ రీగన్ తన కాలిఫోర్నియా పశువుల క్షేత్రంలో ఉంచుకున్నాడు.

గీతల బెంగకు మొదట పెద్ద ఎత్తున దొరికిన మందు ప్లాస్టిక్ తొడుగు. తొట్టి ఆకారంలోనే పోతపోసిన మందపాటి పాలిథిలిన్ గుల్ల అది. తెచ్చి లోపల దించి నాలుగు మరలు బిగిస్తే పని అయిపోయినట్టే. 1980ల్లో అమెరికాలో ఇది బాగా అమ్ముడుపోయింది. దెబ్బకు తట్టుకుంటుంది, చవక, బండి అమ్మేటప్పుడు తీసేసుకోవచ్చు. అయితే తొడుగుకూ రేకుకూ మధ్య నీళ్ళూ ఇసుకా చేరతాయి. బండి అదురుతుంటే ఆ ఇసుక గరుకు కాగితంలా రంగును అరగదీస్తుంది. పైకి కొత్తగా మెరుస్తున్న తొడుగు ఎత్తి చూస్తే కింద తుప్పు పట్టిన రేకు కనిపించిన సందర్భాలు కోకొల్లలు. దాచడం వేరు, కాపాడడం వేరు.

ఈ తొడుగుతో ఇంకో ప్రమాదం కూడా బయటపడింది. ప్లాస్టిక్ మీద పెట్టిన పెట్రోల్ డబ్బాలో పెట్రోల్ పోస్తుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. భూమిలోకి పోయే దారి లేక డబ్బాలోనే పేరుకుని, నిప్పురవ్వగా పైపు వైపు దూకి మంట లేచిన ఘటనలు జరిగాయి. అమెరికాలో పనిచోటి భద్రతను చూసే జాతీయ సంస్థ నయోష్ 1998లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. డబ్బాను తొట్టిలోంచి దించి, నేల మీద పెట్టి నింపుకోవాలి. మోటారుకో స్ప్రేయర్‌కో పెట్రోల్ పట్టించే మన రైతులకూ ఇది అక్షరాలా వర్తిస్తుంది.

తొడుగులోని ఖాళీయే తగాదా అయితే, ఖాళీ లేకుండా చేస్తే? స్ప్రే పూతలు ఆ ఆలోచన నుంచి వచ్చాయి. రైనో లైనింగ్స్ 1988లో, లైన్ ఎక్స్ 1993లో మొదలయ్యాయి. పాలీయురెథేన్, పాలీయూరియా జాతి రసాయనాలవి. రెండు ద్రవాలను విడివిడిగా వేడిచేసి, గట్టి ఒత్తిడితో తుపాకీ మూతి దగ్గర కలిపి చల్లుతారు. పాలీయూరియా అయితే క్షణాల్లో గడ్డకట్టి రేకును కరుచుకుంటుంది. నీరు దూరే సందే ఉండదు. ఇదే జాతి పూతను గోడల లోపలివైపు వేస్తే బాంబు పేలినప్పుడు పెచ్చులు ఎగరకుండా ఆగుతాయేమోనని అమెరికా వైమానిక దళ పరిశోధనశాల పరీక్షలు కూడా చేసింది. కానీ పూత మన్నిక అంతా కింద చేసే తయారీలోనే ఉంది. రంగు మెరుపు పోయేదాకా గీకి, నూనె జిడ్డు తుడిచి వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది, లేకపోతే అంచుల దగ్గర పెచ్చులు లేస్తుంది. ఒకసారి వేశాక తీయడం మాత్రం మహా కష్టం.

2015 మోడల్ నుంచి ఫోర్డ్ తన ఎఫ్-150 బాడీని తుప్పు పట్టని, తేలికైన అల్యూమినియంకు మార్చింది. మరుసటి ఏడాది షెవ్రొలే ఒక ప్రకటన తీసింది. అయిదడుగుల ఎత్తు నుంచి 825 పౌండ్ల, అంటే సుమారు 375 కిలోల సిమెంటు దిమ్మెలను రెండు కంపెనీల తొట్టెల్లోకీ గుమ్మరించారు. అల్యూమినియం తొట్టికి చిల్లులు పడ్డాయి, ఇనుప తొట్టి సొట్టలు పోయింది. రెండూ బోసి తొట్టెలే, దేనికీ పూత లేదు. అలా దిమ్మెలు పోసుకునేవాడు ఏ తొట్టినైనా బోసిగా ఉంచుతాడా అన్న మాట ప్రకటనలో రాలేదు. అంతకు చాలా ముందే టొయోటా 2005 టకోమా పికప్‌లో తొట్టి లోపలి భాగాన్నే గట్టి ప్లాస్టిక్ మిశ్రమంతో చేసి ఇచ్చింది. అడుగే తొడుగైతే ఇక తుప్పు పట్టేదేముంది?

సామాన్లు దాచుకునే పెట్టెల చరిత్రలో ఇన్ని మలుపులు లేవు. క్యాబిన్ వెనక తొట్టికి అడ్డంగా కూర్చునే అల్యూమినియం పెట్టె అమెరికా మేస్త్రీలకు, ఎలక్ట్రీషియన్లకు గుర్తింపు కార్డు లాంటిది. రెంచీలు, డ్రిల్లు మిషన్లు తాళంలో ఉంటాయి, కానీ తొట్టి పొడవులో కొంత పోతుంది. ఆ నష్టం లేకుండా చేయాలని కంపెనీలు చోటు వెతికాయి. 2005లో వచ్చిన హోండా రిడ్జ్‌లైన్‌కు తొట్టి అడుగు కిందే తాళమేసే డిక్కీ పెట్టారు. దానికి నీళ్ళు పోయే బిరడా కూడా ఉంది కాబట్టి ఐసు పోసి సీసాలు చల్లబెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 2009 మోడల్ రామ్ అనే పికప్‌లో చక్రాల పైన పక్కగోడల్లో ఉన్న బోలును అరలుగా మార్చారు. ఇక పైన కప్పే మూతల్లో బటన్లతో బిగించే గుడ్డ నుంచి మడత పలకలు, చుట్టుకునే షట్టర్ల దాకా అన్నీ ఉన్నాయి. గట్టి మూత దొంగల్ని ఆపుతుంది, వానను చాలావరకు ఆపుతుంది. చాలావరకే, ఎందుకంటే వెనక తలుపు సందుల్లోంచి, 1925 నాటి ఆ గూళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. బరకం కట్టే మన డ్రైవర్లకు ఈ లోపం బాగా తెలుసు, అందుకే తొట్టి అంచు దాటించి బయటికి లాగి కడతారు.

లవ్ బండి చేసిన అదే ఇసుజు 2016లో ఇప్పటి తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచింది. ఆ చిన్న పికప్ వారసుడైన డీ-మ్యాక్స్ ఇప్పుడు మన దగ్గరే తయారవుతోంది. దాన్ని తోటకూ, ఊరికీ రెంటికీ వాడాలనుకునేవాళ్ళు మొదట చూసుకోవాల్సింది బండి అందాన్ని కాదు, ఎక్కించబోయే సరుకును. డ్రిప్ పైపులు, వెదురు బొంగులు ఎక్కించేవాడు గట్టి మూత కొంటే దాన్ని తీసి షెడ్డులో పెట్టడమే నిత్యం పని అవుతుంది. మిర్చి బస్తాలు, మామిడి క్రేట్లు మూత ఎత్తును దాటిపోతాయి. ఇలాంటివాళ్ళకు స్ప్రే పూత, దాని మీద జారకుండా ఒక రబ్బరు మ్యాటు, గట్టి కొక్కేలు, మంచి బరకం చాలు. కెమెరాలు, సర్వే పరికరాలు మోసేవాళ్ళకు తాళమున్న మూతే మేలు. ప్లాస్టిక్ తొడుగే కొంటే మాత్రం ఏటా వానాకాలం ముందూ వెనకా దాన్ని ఎత్తి, కింద చేరిన ఇసుక కడిగి ఆరబెట్టాలి.