తెల్ల క్లోవర్ పుట్టిల్లు

న్యూజీలాండ్‌లో ఉండే మనకి క్లోవర్ పువ్వు కొత్త కాదు. పిల్లలు చెప్పుల్లేకుండా పార్కులో పరిగెడితే తేనెటీగ కుట్టేది ఎక్కువగా దాని దగ్గరే. పోయినేడు అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు ఆ మూడేసి ఆకులు చూసి, "ఇది ఇక్కడి మొక్కేనా?" అంది. కాదు. మనకన్నా ముందే, యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళ విత్తనాలతో ఓడెక్కి వచ్చింది. మన పెసర, జనుములాగే నేలకి నత్రజని ఇస్తుంది. ఇక్కడి పాడికి అదే అండ.

మరి దాని అమ్మానాన్నలెవరు? దానికి 32 క్రోమోజోములు, దగ్గరి చుట్టాల్లో కొన్నింటికి 16. రెండు జాతులు కలిసి పుట్టిందని అనుమానం. ఏ రెండు?

ఇలాంటివి తేల్చే ఒక పద్ధతి 1969లో మొదలైంది. అమెరికాలోని యేల్‌లో జోసెఫ్ గాల్, ఆయన విద్యార్థిని మేరీ లూ పార్డ్యూ కప్ప కణాల్లో రైబోజోము జన్యువులని ఉన్నచోటే చూపించారు. అంతకుముందు కణాలని నలిపి డీఎన్‌ఏ తీసేవాళ్ళు. పప్పు రుబ్బేశాక ఏ గింజ ఎక్కడుండేదో ఎవరు చెప్పగలరు?

డీఎన్‌ఏ రెండు పోగులు, జాకెట్టు హుక్కులూ కాజాల్లాగా. వేడికి విడిపోతాయి. అప్పుడు మనం వేసిన చిన్న ముక్క తన జత ఎక్కడుందో అక్కడికే పోయి పట్టుకుంటుంది. మొదట్లో ఆ ముక్కకి రేడియోధార్మిక గుర్తు పెట్టేవాళ్ళు, ఫలితానికి వారాలు ఆగాలి. 1980లలో మెరిసే రంగులొచ్చాయి. మైక్రోస్కోపులో చుక్క వెలిగినచోటే జన్యువు.

పామర్‌స్టన్ నార్త్‌లోని ఆగ్‌రీసెర్చ్‌లో హెలాల్ అన్సారీ, వారెన్ విలియమ్స్, వాళ్ళ సహచరులు 1999లో తెల్ల క్లోవర్లో, దాని చుట్టాల్లో అవే రైబోజోము జన్యువుల చోట్లని ఇలా వెలిగించి చూపించారు. 2006లో డీఎన్‌ఏ పోలికలతో ఇద్దరి పేర్లు బయటికొచ్చాయి: తల్లి ఎత్తయిన కొండల ట్రైఫోలియం పాలెసెన్స్, తండ్రి పశ్చిమ యూరప్ సముద్రతీరపు ట్రైఫోలియం ఆక్సిడెంటాలే. 2012లో ఆ రెండింటినీ మళ్ళీ కలిపి తెల్ల క్లోవర్ లాంటి మొక్కలనే పుట్టించారు.

ఇది వంశవృక్షం సరదా మాత్రమే కాదు. తెల్ల క్లోవర్ ఎండాకాలం కరువుకి త్వరగా వాడిపోతుంది. చుట్టాలెవరో తెలిస్తే, వాళ్ళ దగ్గరున్న ఓర్పుని సంకరంతో తెచ్చుకోవచ్చు.

కొండ పిల్ల, సముద్రపు పిల్లాడు. మంచుయుగంలో ఎక్కడో కలిశారు. వాళ్ళిద్దరూ తమ చోటు దాటి పెద్దగా పోలేదు. బిడ్డ మాత్రం ప్రపంచమంతా తిరిగింది. ఈ మాట చెప్తే అమ్మ నవ్వి, "అయినా పుట్టిల్లు దాని ఒంట్లోనే ఉందన్నమాట" అంది.