జంట మానిటర్ల అమరిక

ఒకే కంప్యూటరుకు రెండు మానిటర్లను కలిపి, వాటిపై వేర్వేరు దృశ్యాలు కనిపించేట్లు చేయడాన్ని జంట మానిటర్ల అమరిక అంటారు. పాత డెస్క్‌టాప్ కంప్యూటరుకు ఈ సౌకర్యం కల్పించాలంటే కొత్త గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అని చాలామంది భావిస్తారు. అన్ని సందర్భాలలోనూ ఇది నిజం కాదు.

ఉపయోగం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఇటువంటి పట్టణాలలోని డి.టి.పి. కేంద్రాలకు రెండవ తెర బాగా ఉపకరిస్తుంది. అను ఫాంట్లలో ఉన్న పాత పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చేటపుడు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతే, రెండు ప్రతులనూ పక్కపక్కన ఉంచి సరిచూడవచ్చు. సిరిసిల్ల మరమగ్గాల వస్త్ర వ్యాపారి ఒక తెరపై ఆర్డరును, మరొక దానిపై జి.ఎస్.టి. బిల్లును ఉంచుకోవచ్చు.

ఆన్‌లైను దరఖాస్తులు నింపే కేంద్రాలలో రెండవ తెరను దరఖాస్తుదారుని వైపు త్రిప్పి ఉంచితే, తన పేరును, పుట్టిన తేదీని అతడే చూసుకోగలడు. గల్ఫు దేశాలకు వలస ఎక్కువగా ఉన్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో ఇది చిన్న విషయమేమీ కాదు. పాస్‌పోర్టులోని పేరుకూ దరఖాస్తులోని పేరుకూ ఒక్క అక్షరం తేడా వచ్చినా ప్రయాణం నిలిచిపోవచ్చు.

చరిత్ర

ఆపిల్ సంస్థ 1987లో విడుదల చేసిన మాకింటాష్ II ఒకటి కంటే ఎక్కువ మానిటర్లతో పనిచేసేది. సామాన్యుల వాడుకలోని విండోస్‌కు ఈ సౌకర్యం విండోస్ 98తో వచ్చింది. అప్పట్లో రెండు తెరలకు రెండు కార్డులు వాడేవారు. 1999లో వచ్చిన మాట్రాక్స్ జి400 ఒకే కార్డుతో రెండు మానిటర్లను నడిపి పేరు పొందింది.

కార్డు అవసరమా?

మొదట క్యాబినెట్టు వెనుక భాగాన్ని పరిశీలించాలి. మదర్‌బోర్డుపైనే వి.జి.ఎ., హెచ్.డి.ఎం.ఐ. రెండూ ఉంటే, చాలా కంప్యూటర్లలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క మానిటరును తగిలిస్తే సరిపోతుంది. అయితే ప్రాసెసరులో గ్రాఫిక్స్ భాగం లేకపోతే ఈ ద్వారాలు పనిచేయవు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే అందులో ఆ భాగం లేనట్లే.

ఒక ద్వారాన్ని రెండుగా చీల్చే చవక కేబులు రెండు తెరలపైనా ఒకే బొమ్మను చూపుతుంది. దానిని కొని మోసపోయామనుకునేవారు ఎందరో. నిజానికి లోపం కేబులుది కాదు, దాని పనే అది.

కార్డు ఎంపిక

కార్డు తప్పనిసరి అయితే మదర్‌బోర్డుపై ఉన్న స్లాటును చూడాలి. 2004కు ముందటి కంప్యూటర్లలో ఎ.జి.పి. స్లాటు ఉండేది, దానికి సరిపడే కార్డులు ఇప్పుడు పాతసామానులో మాత్రమే లభిస్తాయి. తరువాతి వాటిలో పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ x16 స్లాటు ఉంటుంది. ఈ స్లాటు 75 వాట్ల వరకు విద్యుత్తును అందించగలదు. అంతకు మించి కోరే కార్డుకు ఎస్.ఎం.పి.ఎస్. నుండి వేరే తీగ కావాలి. కార్యాలయాల నుండి వచ్చే సన్నని క్యాబినెట్లలో పొట్టి కార్డు మాత్రమే పడుతుంది. కొలత చూడకుండా సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్ళి కార్డు తెస్తే, దానిని మార్చుకోవడానికి మళ్ళీ ప్రయాణం చేయవలసి వస్తుంది.

జిఫోర్స్ జి.టి. 710 వంటి చిన్న కార్డు 19 వాట్లతోనే పనిచేస్తుంది. కానీ అది పాత తరానిది. దానికి భద్రతా సవరణలు 2024తో ఆగిపోయాయి.

అసలు చిక్కు తరచుగా మానిటరు వద్ద వస్తుంది. పాత మానిటర్లలో వి.జి.ఎ. మాత్రమే ఉంటుంది, కొత్త కార్డులలో అది ఉండదు. హెచ్.డి.ఎం.ఐ. సంకేతం డిజిటల్, వి.జి.ఎ. సంకేతం అనలాగ్. కనుక వీటి మధ్య కేవలం తీగలను కలిపే కేబులు చాలదు, సంకేతాన్ని మార్చే చిన్న పరికరం కావాలి.

అమర్చిన తరువాత

కార్డు పెట్టగానే అనేక మదర్‌బోర్డులు తమ సొంత గ్రాఫిక్సును నిలిపివేస్తాయి. అప్పుడు రెండు మానిటర్లనూ కార్డుకే తగిలించాలి, లేదా బయాస్‌లో ఆ సౌకర్యాన్ని తిరిగి తెరవాలి. కరెంటు పోయినపుడు యు.పి.ఎస్.పై భారం కూడా పెరుగుతుంది. ఎల్.ఇ.డి. మానిటరుకు 20 వాట్ల ప్రాంతంలో చాలు గానీ, పాత సి.ఆర్.టి. మానిటరు అంతకు మూడు నాలుగు రెట్లు తీసుకుంటుంది.

విండోస్ 7 మొదలుకొని విండోస్ మీటతో పాటు పి మీటను నొక్కితే నకలు, విస్తరణ అనే ఎంపికలు కనిపిస్తాయి. వేర్వేరు పనులకు విస్తరణను ఎంచుకోవాలి. మౌసు బాణం తెరల మధ్య తప్పు దిశలో దాటుతుంటే, డిస్‌ప్లే సెట్టింగులలో 1, 2 అంకెలున్న పెట్టెలను బల్లపై మానిటర్లు ఉన్న వరుసలోకి జరపాలి.