కార్యకారణ నిర్ణయం: హైదరాబాదు ప్రయోగాలు

ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణమవుతుందా అన్న ప్రశ్న భారతీయ తర్కమైన న్యాయదర్శనంలో చాలా పాతది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో కార్యానికి ముందు నియమంగా ఉండేదే కారణమని నిర్వచించాడు, ముందున్నా కార్యం పుట్టడానికి అక్కరలేనిదాన్ని నైయాయికులు అన్యథాసిద్ధమని వేరుచేశారు. కుండ చేయడానికి మన్ను మోసుకొచ్చిన గాడిద ఇందుకు వారి ప్రసిద్ధ ఉదాహరణ. కారణమున్నచోట కార్యముండటం అన్వయం, కారణం లేనిచోట కార్యమూ లేకపోవటం వ్యతిరేకం. ఈ రెంటినీ సరిచూడటం ఎంత కష్టమో 19వ శతాబ్ది చివర హైదరాబాదులో జరిగిన రెండు వైద్య పరిశోధనల్లో కనిపిస్తుంది.

1847లో ఎడిన్‌బరో వైద్యుడు సింప్సన్ శస్త్రచికిత్సల్లో మత్తుకు క్లోరోఫాం వాడకాన్ని ప్రవేశపెట్టగా, మరుసటి జనవరిలోనే దానివల్ల ఒక మరణం నమోదయింది. చంపేది గుండె ఆగటమా, ఊపిరి ఆగటమా అన్న వాదం నలభై ఏళ్లు సాగింది. ఊపిరిని గమనిస్తే చాలునన్న ఎడిన్‌బరో సంప్రదాయంలో చదివిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా, వైద్య పాఠశాల అధిపతిగా ఉంటూ, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్‌ను నడిపించాడు. ఊపిరే ముందు ఆగుతుందన్న దాని నిర్ణయాన్ని లండన్ వైద్యపత్రిక ‘లాన్సెట్’ ఒప్పుకోకపోవటంతో నిజాం ఖర్చుతోనే 1889లో రెండవ కమిషన్ ఏర్పడింది. ఆ పత్రిక తరఫున వచ్చిన లాడర్ బ్రంటన్ గుండెకే ప్రమాదమని నమ్మినవాడైనా, నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు చూశాక లారీ పక్షానికి మారాడు.

లెక్క పెద్దదే, కాని లోపం లెక్కలో లేదు. మత్తు మోతాదు బాగా పెంచుతూ పోయినప్పుడు ఊపిరే ముందు ఆగుతుంది. ఈ అన్వయం ఎన్నిసార్లు రుజువైనా, తక్కువ మత్తులో ఏమవుతుందో అది చెప్పదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో, తేలికపాటి మత్తులో ఉన్నప్పుడే గుండె కింది గదులు లయ తప్పి వణుకుతూ ప్రాణం పోవచ్చునని తేలింది. అంటే ఒకే కార్యానికి రెండు కారణాలున్నాయి, కమిషన్ పట్టుకున్నది వాటిలో ఒకదాన్నే.

హైదరాబాదు బేగంపేటలో వైద్యుడు రోనాల్డ్ రాస్ చేసిన పని దీనికి భిన్నం. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందన్న పాట్రిక్ మాన్సన్ ఊహను పరీక్షిస్తూ అతడు 1895 నుంచి రెండేళ్లు సాధారణ దోమలనే కోసి చూసి, ఏమీ కనుగొనలేకపోయాడు. ఆ వైఫల్యాలే తరువాత వ్యతిరేక సాక్ష్యంగా పనికివచ్చాయి. 1897 ఆగస్టులో, లార్వాల నుంచి పెంచినందువల్ల అంతకుముందు ఎవరి రక్తమూ తాగలేదని నిశ్చయంగా తెలిసిన మచ్చల రెక్కల దోమలను హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిపై వదిలి, 20వ తేదీన ఒక దోమ కడుపు గోడలో పరాన్నజీవి రంగు రేణువులున్న కణాలను చూశాడు. మరునాడు కోసిన దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. ఆ పెరుగుదలే అసలు సాక్ష్యం, ఎందుకంటే దోమ తాగిన రక్తం అరిగిపోయేదే తప్ప పెరిగేది కాదు.

అయితే బేగంపేటలో తెలిసింది రోగి నుంచి దోమ వరకే. దోమ నుంచి తిరిగి ప్రాణికి సోకే మార్గాన్ని రాస్ 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై నిరూపించగా, మనుషుల విషయంలో అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ బృందం నిర్ధారించింది. నోబెల్ బహుమతి మాత్రం 1902లో రాస్ ఒక్కడికే దక్కింది.